మా బీడు ఖాళీగా లేదు: జీవ ఇంధన అధికారులకు, కంపెనీలకు పత్తికొండ వైపు రైతు బహిరంగ లేఖ

జీవ ఇంధన ప్రాజెక్టుల పని చూస్తున్న రాష్ట్ర, జిల్లా అధికారులకు,
మా సీమలో గ్యాస్ ప్లాంట్లు పెడతామని వస్తున్న కంపెనీల వారికి,

నమస్కారం.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు, పత్తికొండకు దగ్గర్లో మెట్ట సేద్యం చేసుకునేవాణ్ణి. ఎనిమిది ఎకరాలు. అందులో మూడు డీకేటీ, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన పట్టా భూమి. వాన మీద పత్తి, కంది, బుడ్డలు (వేరుశనగ) వేస్తాను. బోరు కింద ఎకరంన్నర టమాటా. ఇప్పుడు రాయబోయే సంగతుల మీద ఏడాదిలో మూడు అర్జీలు పెట్టాను. మూడుసార్లూ ఫోనుకు ఒకటే మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారో కనుక్కుందామని పోతే, కౌంటర్లో పిల్లోడు కంప్యూటర్ చూసి "క్లోజ్ అయిపోయింది పెద్దాయనా" అన్నాడు. తప్పు అతనిది కాదు. అందుకే ఈసారి నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

ముందే ఒక మాట. పేడ నుంచి, చెత్త నుంచి, పనికిరాని పంట మిగులు నుంచి బండ్లు నడిపే గ్యాస్ తీస్తామంటే నేను వ్యతిరేకిని కాను. మా ఇంట్లో చాలా ఏళ్ళు గోబర్ గ్యాస్ మీద వంట చేసుకున్నాం. రెండు ఘనమీటర్ల యూనిట్. దానికి రోజుకు యాభై కిలోల పేడ కావాలి. రెండు కాండ్ల ఎద్దులు, రెండు బర్రెలు ఉన్నన్నాళ్ళూ మంట నీలంగా మండింది. ట్రాక్టర్ వచ్చాక ఎద్దులు అమ్మేశాం. మరుసటి నెల నుంచి మంట తగ్గింది, ఆర్నెల్లకు డోము ఎండిపోయింది. ఇప్పుడు అందులో కోళ్ళు పొదుగుతున్నాయి. దానితో నాకు తెలిసొచ్చింది ఇది: గ్యాస్ ప్లాంటు కడుపు రోజూ నిండాలి. పండగ ఉన్నా, కరువు వచ్చినా నిండాలి. ఈ లేఖ అంతా ఆ కడుపు గురించే.

జరిగింది చెప్తాను. పోయిన ఎండాకాలం మా ఊరి పడమర గుట్ట కింద బీట్లోకి ఒక జీపు వచ్చింది. ముగ్గురు దిగారు, ఫోన్లో గుర్తులు పెట్టుకుంటూ వంక దాకా నడిచారు. అక్కడ గొర్రెలు మేపుతున్న మా పక్కింటి మామను పిలిచి, "ఇదంతా వేస్ట్ ల్యాండేనా పెద్దాయనా" అని అడిగారు. "వేస్టో ఏందో నాకు తెల్దు సామీ, నా నూటిరవై జీవాలు ఈడనే బతుకుతాయి" అన్నాడట ఆయన. జీవ ఇంధనం కోసం కొలుస్తున్నామని వాళ్ళు చెప్పారు. మా దిక్కు జీవాలంటే గొర్రెలు, మేకలు. ఆ రాత్రి రచ్చబండ దగ్గర మామ అడిగిన మొదటి ప్రశ్న, "గొర్రెల కొవ్వుతో గానీ గ్యాస్ చేస్తారేమిరా?" అని. నవ్వుకున్నాం. కానీ ఆ తర్వాత మాకు నవ్వొచ్చే సంగతి ఒక్కటీ తెలియలేదు. ఆ బీట్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తారని ఒకరు, డీకేటీ పొలాలు కూడా ముప్పై ఏండ్ల కౌలుకు అడుగుతారని ఒకరు. కాగితం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. వచ్చిన వాళ్ళు ఏ కంపెనీ తరఫున వచ్చారో కూడా మాకు ఖాయంగా తెలియదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

ఇంత గాభరా ఎందుకు, ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు కదా అని మీరు అనొచ్చు. మాకు ఒక పాత దెబ్బ ఉంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫా నుంచి, అంటే మేము అడవి ఆముదం అనే మొక్క నుంచి, డీజిల్ తీయవచ్చని చెప్పింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు ఆ గాలి మా దాకా వచ్చింది. బీడు భూమి బంగారం అవుతుందన్నారు. నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు, మూడో ఏడు నుంచి గింజలు మేమే కొంటాం అన్నారు. నేను రెండెకరాల్లో పెట్టాను. వాళ్ళు చెప్పినవాటిలో రెండు నిజమయ్యాయి. మొక్క చావలేదు, మేకలు ముట్టలేదు. అయితే నీళ్ళు లేకుండా బతికే మొక్క నీళ్ళు లేకుండా కాయదు. మూడో ఏడు రెండెకరాల మీద ఒక్క బస్తా కూడా నిండలేదు. పక్క చేను పిల్లలు ఆ గింజలు తిని వాంతులు చేసుకుంటే ఆస్పత్రికి ఎత్తుకుపోయాం. కొంటామన్నవాళ్ళ ఫోను పనిచేయలేదు. చివరికి జేసీబీ పెట్టి పీకించాను, ఆ బాడుగ కూడా నాదే. మా పాలికి అది అట్లా ముగిసింది. దేశం లెక్కా పెద్ద తేడా లేదు. 2009 జీవ ఇంధన విధానంలో 2017కల్లా డీజిల్లో 20 శాతం జీవ డీజిల్ కలపాలని రాసుకున్నారు. 2018లో కొత్త విధానం వచ్చేసరికి ఆ 20 కాస్తా 2030కి 5 శాతం అయింది.

అదే 2018 అక్టోబర్ 1న కేంద్రం సతత్ పథకం మొదలుపెట్టింది. 2023 నాటికి 5,000 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు, ఏడాదికి 1.5 కోట్ల టన్నుల గ్యాస్ అన్నారు. గడువు నాటికి వంద ప్లాంట్లు కూడా రాలేదు. అయితే ఈసారి వ్యవహారం ఒట్టి మాటతో పోయేట్టు లేదు. బండ్ల సీఎన్‌జీలో, ఇళ్ళకు పైపుల్లో వచ్చే గ్యాస్‌లో 2025-26 నుంచి 1 శాతం బయోగ్యాస్ కలపాలని, 2028-29కి అది 5 శాతం కావాలని నిబంధన పెట్టారు. మన రాష్ట్రంలో 65,000 కోట్ల రూపాయలతో 500 ప్లాంట్లకు 2024లో ఒప్పందం కుదిరింది. అందులో మొదటిదానికి 2025 ఏప్రిల్ 2న అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాస్ తీయడం అక్కడి ఆలోచన. మా ఊరికి వచ్చిన జీపుకూ దానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. జట్రోఫా నాడు కొనే దిక్కు లేక మునిగాం. ఇప్పుడు కొనక తప్పనివాళ్ళు వస్తున్నారు. అందుకే ముందే మాట్లాడుకోవాలి.

మా మనవి, మా డిమాండ్లు ఇవి.

1. ఏది వ్యర్థమో ముందు తేల్చండి, మా ఎదురుగా తేల్చండి.

మీ కాగితాల్లో పంట వ్యర్థాలు అని ఒకే గంపలో వేస్తున్న వాటిలో సగం మాకు వ్యర్థాలు కావు. జొన్న చొప్ప పశువుల మేత. బుడ్డలు కొట్టాక మిగిలే కట్టె కూడా మేతే, కరువు ఏడాది దాని ధర చూస్తే కాయ ధర గుర్తొస్తుంది. దాన్ని ప్లాంటు కొనడం మొదలుపెడితే ఉన్న నాలుగు బర్రెలూ సంతకు పోతాయి. మిల్లుల్లో వచ్చే బుడ్డల పొట్టుకు ఇప్పటికే గిరాకీ ఉంది, బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోతోంది. అదీ కాక పొట్టు, పత్తి కట్టె లాంటివి కట్టెతనం ఎక్కువ ఉన్న సరుకు. గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులు వాటిని అంత తేలిగ్గా అరిగించుకోలేవు. వాటితో బండి ఇంధనం చేయాలంటే దారి వేరు. పానిపట్‌లో 2022 ఆగస్టులో మొదలైన ఫ్యాక్టరీ ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలని కట్టింది. మా వైపు వచ్చి ఉపన్యాసం ఇచ్చిన ఒకాయన పత్తి కట్టెను డైజెస్టర్లో, అంటే గ్యాస్ పుట్టే తొట్టిలో వేస్తే చాలన్నట్టు మాట్లాడాడు. ఆయనకు మా ఇంటి డోము చూపించాలనిపించింది.

నిజంగా వదిలించుకోవాలని మేము చూసేది పత్తి కట్టెనే. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ, ఎటు పోయినా పత్తే. ఆఖరి తీత అయిపోయాక కట్టె పీకడానికి కూలీ ఖర్చు రైతుదే. కొంత పొయ్యిలోకి పోతుంది, మిగతాది చేలోనే కాలుస్తాం. కాల్చకుండా వదిలేస్తే ఆ ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేలోకే వచ్చి కట్టె కోసి తీసుకుపోయేవాళ్ళు ఉంటే, టన్నుకు కొంచెం తక్కువ ఇచ్చినా రైతులు వద్దనరు. ఇది అర్జీలో రాశాను.

ఇక టమాటా, ఉల్లి. పత్తికొండ మార్కెట్లో ధర పడిన రోజు సంగతి అందరూ టీవీలో చూసిందే. బండి బాడుగ కూడా రాదని రోడ్డు పక్కనే పారబోసి వస్తాం. నేనూ పారబోశాను. 2025లో ఉల్లి ధర పడిపోతే ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ఈ కుళ్ళిన సరుకంతా గ్యాస్ చేస్తే లక్షలు వస్తాయని కొందరు రాస్తున్నారు. నేను అట్లా చెప్పను. టమాటాలో వందకు తొంభై నాలుగు పాళ్ళు నీళ్ళే. నా లెక్క ప్రకారం టన్ను టమాటా నుంచి బండికి పనికొచ్చే గ్యాస్ పది కిలోలు రావడం కూడా కష్టం. అదే టన్ను పేడ నుంచి ఇరవై కిలోల దాకా వస్తుంది. పైగా ఉత్త టమాటా వేస్తే లోపల పులిసిపోయి గ్యాస్ చేసే జీవులే చస్తాయి, పేడతో కలిపే వేయాలి. అయినా మార్కెట్ యార్డు పక్కన చిన్న యూనిట్ అడుగుతున్నాం. ధర లేని రోజున రోడ్డు మీద ఈగలు, కంపు, పశువుల కడుపుబ్బరం తప్పుతాయి, రైతుకు కనీసం తిరుగు బాడుగ చేతికొస్తుంది. అది ఇంధన లెక్క కాదని మీరంటే, యార్డు ఊడ్చే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందో చూడండి.

అందుకే అడుగుతున్నాం: మండలంవారీగా ఏ సరుకు ఎన్ని టన్నులు, ఏ నెలల్లో దొరుకుతుంది, ఇప్పుడు దాన్ని ఎవరు వాడుతున్నారు అనే లెక్క తయారు చేసి, పంచాయతీ బోర్డు మీద అంటించాకే ప్లాంటు సైజు నిర్ణయించండి. రోజుకు 5 టన్నుల గ్యాస్ తీసే ప్లాంటు ఒక్క పేడ మీదే నడవాలంటే 250 టన్నుల పేడ కావాలి. ఆవుకు పది కిలోల చొప్పున చూసినా 25,000 పశువులు. మా మండలాల్లో ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చి ఎన్నాళ్ళయిందో మీకూ తెలుసు. పెద్ద కడుపు ముందే కట్టేస్తే, అది నిండనప్పుడు మా మేత మీద, మా బీడు మీద పడుతుంది.

2. నీళ్ళ లెక్క రాతపూర్వకంగా చెప్పండి.

నేపియర్ మంచి గడ్డే. బోరు ఉన్న పాడి రైతులు మా ఊళ్ళోనూ గెనాల మీద వేసుకున్నారు. కోసిన కొద్దీ వస్తుంది, తడి పెట్టినన్నాళ్ళూ వస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వాన ఏడాదికి 670 మిల్లీమీటర్ల దగ్గర, అందులో మా పడమటి మండలాల వంతు ఇంకా తక్కువ. అదీ నాలుగు నెలల్లో పడి పోతుంది. మిగతా ఎనిమిది నెలలు గడ్డికి నీళ్ళెక్కడివి? ఎకరంలో ఐదు సెంటీమీటర్ల తడి అంటే రెండు లక్షల లీటర్లు. ఏడాదికి పదిహేను తడులే అనుకుందాం, ఎకరాకు 30 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాలకు 300 కోట్ల లీటర్లు, అంటే టీఎంసీలో పదో వంతు. డ్రిప్పు పెడతామంటారు, సగానికి తగ్గిందనుకున్నా మా వైపు ఎన్ని చెరువులు ఏడాదికి అన్ని నీళ్ళు చూస్తున్నాయి?

హంద్రీనీవా కాలువ మల్యాల దగ్గర శ్రీశైలం నీళ్ళు ఎత్తి మా మీదుగానే పోతుంది. ఆ నీళ్ళు చెరువుల్లోకి మళ్ళించమని మేము తిరిగిన ఆఫీసులు ఇన్నీ అన్నీ కావు. ఆ కాలువ నుంచి గానీ, భూమిలోంచి గానీ గడ్డికి నీళ్ళు తీసే ముందు తాగునీటికీ, ఉన్న చెరువులకూ ఇచ్చాకే అని జీవోలో రాయండి. ప్లాంటు కోసం వేసే ప్రతి బోరుకూ మీటరు పెట్టి, ఆ లెక్క నెలనెలా ఊళ్ళో చదవండి. వానకే పండే గడ్డో, కొర్రగడ్డి లాంటి మిగులో అయితే మాకు పేచీ లేదు.

3. బీడును మ్యాపులో చూసి నిర్ణయించకండి.

రికార్డులో గయాళు అనో, పోరంబోకు అనో ఉన్న చోట ఊళ్ళో ఎవరో ఒకరి బతుకు ఉంటుంది. మా గుట్ట కింది బీట్లో ఏడు కుటుంబాల గొర్రెలు మేస్తాయి. వర్షాకాలం పంట చేలల్లో జీవాలకు చోటుండదు, ఆ నాలుగు నెలలు ఆ బీడే గతి. కోతలయ్యాక అవే మందలను ఎరువు కోసం రైతులం చేలో నిలిపించుకుంటాం. రాత్రికి ఇంత అని కాపరికి డబ్బో, గింజలో ఇస్తాం. యూరియా ధర పెరిగాక మందకు గిరాకీ ఇంకా పెరిగింది. బీడుకు కంచె పడితే మా మామ మంద అమ్మేస్తాడు. నా చేనుకు ఎరువు పోతుంది. ఇది ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ నష్టం కింద రాదు, ఎందుకంటే దీనికి బిల్లు లేదు. ఆడవాళ్ళు వంటచెరకుకు పోయేదీ, సీతాఫలాలు ఏరుకొచ్చి బస్టాండులో అమ్ముకునేదీ అక్కడినుంచే.

కంప చెట్ల సంగతి వేరు. సర్కారు తుమ్మ వాగులూ వంకలూ మింగేస్తోంది, దాన్ని కొట్టి తీసుకుపోతామంటే ఊరంతా హారతి పడుతుంది. ముందు దాంతో మొదలుపెట్టండి.

డీకేటీ భూముల సంగతి ఇంకా సున్నితం. 1977 చట్టం కింద ఆ భూములు చేతులు మారకూడదనే మేము ఇన్నాళ్ళూ విన్నాం. ఇప్పుడు కౌలుకు ఇస్తే రేపు పట్టా ఉంటుందా, రద్దవుతుందా, బ్యాంకు లోను వస్తుందా, పంట బీమా వస్తుందా? ఇవన్నీ తెలుగులో, తహసీల్దారు సంతకంతో చెప్పే దాకా ఒక్క రైతు దగ్గర కూడా వేలిముద్ర తీసుకోవద్దు. ముప్పై ఏండ్ల కౌలంటే సంతకం పెట్టినవాడి మనవడి కాలం. మధ్యలో కంపెనీ చేతులెత్తేస్తే పొలాన్ని మళ్ళీ సేద్యానికి పనికొచ్చేట్టు చేసి ఇచ్చే ఖర్చు ముందే డిపాజిట్ చేయించండి. జేసీబీ బాడుగ నేను ఒకసారి కట్టాను. రెండోసారి కట్టను.

4. కొనే ధర కాగితం మీద పెట్టండి.

సరుకు కొంటామన్నవాళ్ళు మూడేళ్ళ ధర, తూకం పద్ధతి, పదిహేను రోజుల్లో డబ్బు అనే మూడు సంగతులు ఒప్పందంలో రాయాలి. బ్యాంకు గ్యారంటీ ఉండాలి. దళారీ ద్వారా కాకుండా రైతు సంఘాల ద్వారా కొనాలి.

5. మా మట్టి నుంచి తీసింది మా మట్టికి తిరిగివ్వండి.

డైజెస్టర్లో గ్యాస్‌గా పోయేది ముఖ్యంగా కార్బన్. నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు స్లర్రీలోనే, అంటే గ్యాస్ తీశాక మిగిలే ముద్దలోనే ఉండిపోతాయి. మా ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం ఎంత తక్కువో మట్టి పరీక్ష కార్డుల్లో మీరే రాసి ఇచ్చారు. 2023లో కేంద్రం ఈ సేంద్రియ ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. ఆ డబ్బు కంపెనీకి పోతుంది. మేము అడిగేది, కట్టె, పేడ ఇచ్చిన రైతుకు తూకం ప్రకారం ఎరువు ఉచితంగా తిరిగి ఇవ్వాలని. పేడంతా ప్లాంటుకు పోయి, స్లర్రీ అంతా బస్తాల్లో వేరే జిల్లాలకు పోతే మా దిబ్బలు ఖాళీ, చేలు ఖాళీ. బస్తా మీద ఏమేం ఎంత శాతం ఉందో రాసి ఉండాలి. పట్టణ చెత్తతో చేసిన స్లర్రీ అయితే అందులో గాజు పెంకులు, ప్లాస్టిక్, సీసం లాంటివి లేవని పరీక్ష చేయించి చూపాకే మా చేలోకి తేవాలి.

6. ఊరి భూమి కంటే ముందు పట్టణాల చెత్తను చూడండి.

ఏడాది పొడుగునా, రోజూ, ఎవరూ విత్తకుండా, నీళ్ళు పెట్టకుండా పండే పంట ఒక్కటే, పట్టణాల తడి చెత్త. ఇందోరులో 2022 ఫిబ్రవరి 19న మొదలైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తతో 17,000 కిలోల దాకా గ్యాస్ తీసేట్టు కట్టారు. ఆ గ్యాస్ మీద సిటీ బస్సులు తిరుగుతున్నాయి. అక్కడ కిటుకంతా యంత్రంలో లేదు, ఇంటి గడప దగ్గర ఉంది. తడి వేరు, పొడి వేరు అని జనం అలవాటు పడ్డాక ప్లాంటు పెట్టారు. కర్నూలు, అనంతపురం, కడప ఇందోరంత పెద్దవి కావు. దానిలో పదో వంతు సైజు ప్లాంట్లు చాలు. మన పట్టణాల్లో జనం 2021 నుంచి మూడేళ్ళు చెత్త పన్ను కూడా కట్టారు, తర్వాత అది రద్దయింది. ఎండాకాలం వస్తే డంపింగ్ యార్డుల్లో మంటలు, ఆ పక్క ఊళ్ళ పిల్లలకు దగ్గు, పొగలో కనపడక బైకులు గుద్దుకోవడం. ముందు ఆ గుట్టలు పెరగకుండా చేసి చూపండి. పెద్ద పట్టణం చెత్తతో నడిచే ప్లాంటు ఒక్కటి మా జిల్లాలో ఏడాది పాటు ఆగకుండా నడిస్తే, గడ్డి గురించి మీరు చెప్పేది మేము ఇంకొంచెం ఓపికగా వింటాం.

7. కాగిన నూనె.

పొద్దున్నే ఉగ్గాని-బజ్జి లేకుండా మా జిల్లాలో రోజు మొదలు కాదు. ఆ బజ్జీ బాండలిలో నూనె ఎన్నిసార్లు కాగిందో అడిగే అలవాటు మాకు లేదు, చెప్పే అలవాటు వాళ్ళకు లేదు. పదే పదే కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె చెడేకొద్దీ పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది, ఆ నూనెను జీవ డీజిల్‌కు మళ్ళించే పథకమూ అదే ఏడాది పెట్టారు. హోటళ్ళలో పనికిరాదని తీసేసిన నూనె తక్కువ ధరకు చిన్న బండ్లకు చేరుతోందని అందరికీ తెలుసు. చిన్న బండ్లవాళ్ళ మీద కేసులు పెట్టమని అడగడం లేదు. ప్రతి మండల కేంద్రంలో వాడిన నూనె కొనే డబ్బా ఒకటి పెట్టి లీటరుకు కాస్త గౌరవమైన ధర ఇవ్వండి. వాళ్ళే తెచ్చి పోస్తారు.

8. పనిచేసేవాళ్ళ ప్రాణాలు.

ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. ఈ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. గాలి కంటే బరువు కాబట్టి గుంటల్లో అడుగున నిలుస్తుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, మనిషి కూలిపోతాడు, కాపాడటానికి దిగినవాడూ కూలిపోతాడు. ట్యాంకుల్లోకి దిగే పని ఎప్పుడూ మా ఊళ్ళ నుంచి వచ్చే కూలీలకే పడుతుంది. యంత్రంతోనే శుభ్రం చేయాలి, మనిషి దిగాల్సి వస్తే గ్యాస్ మీటరు, ఆక్సిజన్, బీమా లేకుండా దించకూడదు. లైసెన్సులో ఇది మొదటి షరతుగా ఉండాలి.

కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి ఏటా మిరప కోతలకు గుంటూరుకు, మేస్త్రీ పనులకు బెంగళూరుకు ఇళ్ళకు తాళాలేసుకుని పోతున్నారు. బడి మానేసి పిల్లలు వాళ్ళతో పోతున్నారు. కట్టె కోయడం, మోయడం, పేడ సేకరణ, ట్రాక్టర్ బాడుగలు సరిగా ఏర్పాటు చేస్తే ఫిబ్రవరి నుంచి మే దాకా కొన్ని వందల ఇళ్ళకు పని దొరుకుతుంది. వలస పోయే నెలలూ, పత్తి కట్టె దొరికే నెలలూ ఒకటే అని ఎవరైనా గమనించారా? గడ్డి తోట యంత్రాలతో కోస్తే ఈ పని రాదు. అందుకే కూడా అంటున్నాను, మిగులుతో మొదలుపెట్టండి.

మీ నుంచి మేము కోరుతున్న జవాబు పెద్దదేం కాదు. మా గుట్ట కింద ఎవరు, ఎవరి అనుమతితో కొలిచారు? ఆ భూమి మీద ఏదైనా ప్రతిపాదన ఉందా, లేదా? ఉంటే దాని కాపీ తెలుగులో పంచాయతీకి పంపండి. అరవై రోజుల్లో గ్రామసభ పెట్టండి. ఫోను మెసేజ్ వద్దు, సంతకం ఉన్న కాగితం కావాలి. ఈ లేఖ కింద నాతో పాటు మా ఊరి అరవై రెండు మంది సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. పేర్లు ఇక్కడ వేయడం లేదు, అసలు ప్రతి మీ ఆఫీసుకు పోస్టులో పంపాం.

గ్రామసభ తేదీ వేసేటప్పుడు ఒక్కటి చూసుకోండి. పొద్దున పదకొండుకు పెట్టకండి. ఆ వేళకు గొర్రెల కాపర్లంతా బీట్లోనే ఉంటారు. సాయంత్రం ఆరు దాటాక, మందలు దొడ్లకు చేరాక పెట్టండి. మామ కూడా వస్తానన్నాడు.

ఇట్లు,
పత్తికొండ వైపు మెట్ట రైతు ఒకడు,
ఊరివాళ్ళ తరఫున